ఇంటి చెత్త సేకరణ పద్ధతులు: తెలుగు పట్టణాల నేపథ్యంలో గుణదోష పరిశీలన

వ్యాససంగ్రహం

ఇళ్లలో పోగయ్యే వ్యర్థాలలో తిరిగి ముడిసరుకుగా మారగలిగిన కాగితం, ప్లాస్టిక్, లోహం, గాజు వంటి వాటిని సేకరించడానికి తెలుగు పట్టణాలలో ఒకదాని తరువాత ఒకటిగా, కొన్నిచోట్ల ఏకకాలంలో, అనేక పద్ధతులు అమలులోకి వచ్చాయి. వీధికుండీ, ఇంటింటి ఆటో, రంగుల బుట్టలు, రోజుల విభజన, పాతసామాన్ల కొనుగోలు, సీసా డిపాజిట్టు, సహకార సేకరణ అనే వాటి గుణదోషాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ పద్ధతుల మధ్య అసలు భేదం వాహనంలోనో బుట్ట రంగులోనో లేదనీ, వ్యర్థాన్ని వేరు చేసే పని ఎక్కడ జరుగుతుంది, దాని ప్రతిఫలం ఎవరికి అందుతుంది అనే రెండు అంశాలలోనే ఉందనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: తడిచెత్త, పొడిచెత్త, ఇంటింటి సేకరణ, తుక్కు వ్యాపారం, పారిశుద్ధ్య కార్మికులు, వినియోగ రుసుము.

1. ఉపోద్ఘాతం

ఒక దినపత్రిక ఉదయం ఇంట్లోకి వచ్చి సాయంత్రానికి పాతదవుతుంది. అది అటక మీదికో మంచం కిందికో చేరి, నెల తరువాత పాతసామాన్లవాడి కాటా ఎక్కితే కిలోకు ఇంత అని ధర పలుకుతుంది. అదే పత్రికలో కూరగాయల తొక్కలు చుట్టి బుట్టలో వేస్తే, తడిసి, పులిసి, సాయంత్రానికి ఏ మిల్లూ కొనని పదార్థం అవుతుంది. మారింది కాగితం స్వభావం కాదు, దానిని ఇంటి నుండి బయటకు పంపిన తీరు. రీసైక్లింగ్ గురించి జరిగే చర్చ చాలావరకు కర్మాగారం చుట్టూ, యంత్రం చుట్టూ తిరుగుతుంది. కానీ వ్యర్థం భవితవ్యం కర్మాగారానికి చేరకముందే, వంటింటికీ వీధి మలుపుకూ మధ్య ఉన్న కొద్దిపాటి దూరంలో నిర్ణయమైపోతుంది.

చట్టపరంగా ఈ విషయానికి పాతికేళ్ల చరిత్ర ఉంది. అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం ఫలితంగా 2000లో పురపాలక ఘనవ్యర్థాల నిబంధనలు వెలువడ్డాయి. వాటి స్థానంలో 2016 ఏప్రిల్‌లో వచ్చిన ఘనవ్యర్థాల నిర్వహణ నిబంధనలు వ్యర్థాన్ని పుట్టించే ప్రతి ఇల్లూ దానిని మూడు భాగాలుగా వేరుచేసి ఇవ్వాలని విధించాయి. కుళ్లేది, కుళ్లనిది, ఇళ్లలోని హానికర వ్యర్థం అనేవి ఆ మూడు. 2024 డిసెంబరులో కేంద్రం ప్రకటించిన ముసాయిదా ఈ విభజనను నాలుగు భాగాలకు పెంచింది. కాగితం మీద విభజన ఇలా సూక్ష్మమవుతూ వచ్చింది. వీధిలో జరిగినది వేరు.

2. పెంట నుండి పొడిచెత్త వరకు

పద్ధతుల పరిశీలనకు ముందు వాటిని చెప్పే మాటలను కొంత గమనించాలి. తెలుగులో వ్యర్థానికి పర్యాయపదాలు ఎన్నో ఉన్నట్లు కనిపిస్తాయి గానీ అవి పర్యాయపదాలు కావు. చెత్త, పెంట, తుక్కు, చిత్తు అనే మాటల్లో ఒక్కొక్కటి వ్యర్థం వెళ్లే ఒక్కొక్క దారిని సూచిస్తుంది. ‘పెంట’ పొలానికి వెళ్లేది. పశువుల కొట్టంలోని పేడ, గడ్డి, ఇంటి ఊడ్పు అన్నీ దిబ్బ మీద మాగి, వేసవిలో బండికెక్కి చేలోకి చేరేవి. ‘పెంట తోలడం’ సేద్యపు పనులలో ఒకటి, ఎవరి దిబ్బ వారి ఆస్తి. ‘తుక్కు’ లోహానికి సంబంధించినది, అది కొలిమికో కొట్టుకో వెళుతుంది. ‘చిత్తు’ కాగితానికి చెందినది. అన్నిటికీ కలిపి వాడే ‘చెత్త’ ఒక్కటే ఎక్కడికీ వెళ్లని పదార్థం. నేటి వాడుకలో పెంట తిట్టుగా మారడం, ‘చెత్త’ పనికిమాలినది అనే అర్థంలో విశేషణం కావడం, పొలంతో ఇంటికి ఉన్న ఆ సంబంధం తెగిపోయిన తరువాతి పరిణామాలుగా భావించవచ్చు.

తడిచెత్త, పొడిచెత్త అనే జంట ఇటీవలిది. పారిభాషిక పదనిర్మాణంగా చూస్తే ఇది మంచి కల్పన. సంస్కృత సమాసాలతో బరువెక్కకుండా, చదువుతో పనిలేకుండా అందరికీ వెంటనే తెలిసేలా ఉంది. కానీ ఆ స్పష్టతలోనే ఒక చిక్కు ఉంది. ఎండిన కొబ్బరి పీచు పొడిగా ఉన్నా తడిచెత్తలోకే వెళ్లాలి. పాలప్యాకెట్టు తడిగా ఉన్నా పొడిచెత్త కిందికే వస్తుంది. అసలు విభజనకు ఆధారం కుళ్లడం, కుళ్లకపోవడం. మాట మాత్రం తడిని చెబుతుంది. రీసైక్లింగ్ విషయంలోనూ ఇలాంటిదే మరో గందరగోళం ఉంది. పత్రికలు రీసైక్లింగును, రీయూజును రెండింటినీ తరచుగా ‘పునర్వినియోగం’ అనే అంటాయి. సీసాను కడిగి మళ్లీ నింపడం, సీసాను పగలగొట్టి కరిగించడం ఒకే మాట కిందికి వస్తే, వాటికి వేర్వేరు సేకరణ పద్ధతులు అవసరమన్న సంగతి మరుగున పడుతుంది. అందువల్ల ఈ వ్యాసంలో వాడుకలో స్థిరపడిన ‘రీసైక్లింగ్’ అనే మాటనే స్వీకరించడమైనది.

3. వీధికుండీ

వీధి మలుపులో సిమెంటు తొట్టి, తరువాతి కాలంలో ఇనుప కుండీ, పురపాలక సేకరణకు తొలి రూపాలు. ఇంటివారు తమకు వీలైన వేళ వెళ్లి అందులో పడేసి వస్తారు. ఈ పద్ధతికి ఉన్న ఏకైక సుగుణం సమయ స్వేచ్ఛ. తెల్లవారుజామున పనికి వెళ్లేవారికీ, రాత్రి పొద్దుపోయి తిరిగివచ్చేవారికీ ఇది ఒక్కటే అనుకూలమైన పద్ధతి. ఈ సుగుణాన్ని నిర్వాహకులు తేలికగా కొట్టిపారేశారనే చెప్పాలి. కుండీలను ఎత్తివేసిన చోట్ల అదే మలుపులో నేల మీద కుప్ప లేవడం హైదరాబాదు వాసులకు పరిచితమైన దృశ్యం. అలాంటి చోట్ల పారిశుద్ధ్య సిబ్బంది శుభ్రం చేసి ముగ్గులు వేసిన సందర్భాలు ఉన్నాయి. ముగ్గు తొక్కడానికి మనసొప్పక చెత్త వేయడం మానుతారని వారి ఆశ. ఆ ఆశ కొన్నాళ్లపాటు ఫలించేది.

దోషం ఒక్కటే అయినా పెద్దది. కుండీలో వేరు చేయడానికి వీలు లేదు. వేరుచేసి తెచ్చినా పై ఇంటివారి సాంబారు కింది ఇంటివారి అట్టపెట్టెల మీద పడుతుంది. అయినా ఆ కుండీ నుండి రీసైక్లింగ్ జరగకుండా లేదు. గోనెసంచి భుజాన వేసుకున్న స్త్రీలు, పిల్లలు పశువులతోనూ కుక్కలతోనూ పోటీపడి సీసాలూ ప్లాస్టిక్ కవర్లూ ఏరుకునేవారు. అంటే వేరుచేసే పని ఆగలేదు. అది కుండీలోకి మారింది. చేసేవారికి చేతితొడుగు లేదు, జీతం లేదు, గుర్తింపు లేదు. కుండీ నుండి మిగిలినది లారీకెక్కి డంపింగు యార్డుకు చేరాక అక్కడా ఇదే పని, మరింత ప్రమాదకరంగా, పొగలోనూ మురుగులోనూ సాగుతుంది.

4. ఇంటింటి ఆటో, రంగుల బుట్టలు

కుండీకి ప్రత్యామ్నాయంగా వచ్చినది గుమ్మం వద్దకే వెళ్లి తీసుకునే పద్ధతి. ఇది ప్రభుత్వ పథకంగా కాక ముందుగా పౌరసంఘాల ప్రయత్నంగా దక్షిణాదిలో రూపు దిద్దుకుంది. 1989లో చెన్నైలో ఎం.బి. నిర్మల్ స్థాపించిన ఎక్స్‌నోరా వీధివీధికీ నివాసులను సంఘటితం చేసి, మూడుచక్రాల బండితో చెత్త సేకరించే మనిషిని వారి చేతనే నియమింపజేసింది. ఆ మనిషికి ‘వీధిని అందగించేవాడు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. తెలుగు ప్రాంతంలో 2000 దశకం తొలి సంవత్సరాలలో అప్పటి నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట ఈ దారిలో పేరు తెచ్చుకుంది. ఇంటింటికీ రెండు బుట్టలు, తడి పొడి వేర్వేరుగా సేకరణ, తడిచెత్తతో ఎరువు తయారీ, వీధికుండీ లేని పట్టణం అనే ఖ్యాతితో ఇతర రాష్ట్రాల నుండి పురపాలక అధికారులు చూడవచ్చే స్థాయికి చేరింది. పట్టణం చిన్నది కావడం, సేకరణలో విభజన మధ్యలో చెడకపోవడం దాని బలాలు.

పెద్ద నగరంలో అదే పద్ధతి ఎలా మారిందో హైదరాబాదు చెబుతుంది. 2015 నవంబరులో స్వచ్ఛ ఆటోలు ప్రారంభమయ్యాయి. సుమారు 22 లక్షల కుటుంబాలకు ఇంటికి రెండేసి చొప్పున 44 లక్షల బుట్టలు పంచాలని సంకల్పించారు. ఆకుపచ్చది తడికి, నీలం పొడికి. బ్యాంకు రుణంతో వాహనం పొందిన డ్రైవరే దానికి యజమాని. ఇంటింటి నుండి నెలకు 50 రూపాయలు వసూలు చేసుకుని, పొడిచెత్తలో అమ్ముడుపోయేది అమ్ముకుని, అందులోనుంచే వాయిదాలు కట్టుకోవాలని అప్పట్లో నిర్ణయించారు. బుట్టల సంగతి అందరూ చర్చించారు గానీ ఈ పద్ధతిలోని కీలకం ఈ చివరి ఏర్పాటే. డ్రైవరుకు అట్టముక్క, ప్లాస్టిక్ సీసా, ఇనుపముక్క ఆదాయం. అందువల్ల ఆటో వెనుక భాగంలో ఎవరూ చెప్పకుండానే గోనెసంచులు వేలాడుతాయి. భార్యాభర్తలు కలిసి పనిచేసే ఆటోలలో ఒకరు బుట్టలు అందుకుంటూ ఉంటే మరొకరు చెత్తలో నిలబడి ఏరుతూ ఉంటారు. వేరుచేసే చోటు కుండీ నుండి కదులుతున్న బండికి మారింది.

ఈ ఏర్పాటుకు రెండు ముఖాలున్నాయి. ఒకవైపు నగరపాలక సంస్థ జీతం ఇవ్వకుండానే పొడిచెత్తలోని విలువైన భాగం యార్డుకు చేరకుండా ఆగుతుంది. మరోవైపు డ్రైవరు విలువైనదే ఏరుతాడు. బిస్కెట్టు రేపరు, చిప్స్ ప్యాకెట్టు, షాంపూ సాచెట్ వంటి పలుచని, పలుపొరల ప్లాస్టిక్‌ను ఏ కొట్టూ కొనదు కనుక ఎవరూ ఏరరు. అది తడిచెత్తతో కలిసి రవాణా కేంద్రానికి, అక్కడినుండి జవహర్‌నగర్‌కు చేరుతుంది. 2020లో అక్కడ 19.8 మెగావాట్ల సామర్థ్యంతో చెత్త నుండి విద్యుత్తు ఉత్పత్తి చేసే కేంద్రం మొదలైంది. చెత్తను మండించే చోట మండేది కావాలి. బాగా మండేవి కాగితం, ప్లాస్టిక్. రీసైక్లింగు కోరేవి కూడా అవే. ఇంటింటి సేకరణను సమర్థించే రచనలలో ఈ పోటీ ప్రస్తావన చాలా తక్కువగా కనిపిస్తుంది.

బుట్ట రంగుల విషయంలో ఒక చిన్న ప్రస్తావన అవసరం. 2016 నిబంధనలు చెత్త నిల్వకు సూచించిన రంగులు ఆకుపచ్చ, తెలుపు, నలుపు. హైదరాబాదులో వాడుకలోకి వచ్చినవి ఆకుపచ్చ, నీలం. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఇంటింటికీ పంచినవి ఆకుపచ్చ, నీలం, ఎరుపు. ఇక్కడ ఎరుపు హానికర వ్యర్థానికి. బెంగళూరులో ఎరుపు బుట్ట శానిటరీ ప్యాడ్ల వంటి త్యాజ్యాలకు, పొడిచెత్తకు బుట్టే లేదు, సంచి. ఉద్యోగరీత్యా ఊరు మారే కుటుంబం ఊరికొక వర్ణమాల నేర్చుకోవాల్సి వస్తుంది. అయితే రంగుల కన్నా తీవ్రమైన సమస్య మరొకటి ఉంది. ఇంట్లో గృహిణి మూడు బుట్టల్లో వేరుచేసినది ఆటోలో ఒకే తొట్టిలో పడటం ఆమె కళ్లముందే జరిగితే, మరునాటి నుండి ఆమె వేరుచేయదు. ఆమెను నిర్లక్ష్యపరురాలు అనడం న్యాయం కాదు. వంటింటి విభజన జీతం లేని పని. మన ఇళ్లలో అది దాదాపు పూర్తిగా స్త్రీల మీదనే పడుతుంది. ఆ పని వృథా కాదన్న నమ్మకం ఒక్కటే దానికి దక్కే ప్రతిఫలం. అరలు లేని వాహనం ఆ నమ్మకాన్ని ఒక్క ఉదయంలో పోగొడుతుంది. అరలున్న వాహనంలోనూ తడిచెత్త అర ముందుగా నిండుతుంది. మన ఇళ్ల చెత్తలో సగానికి అటూ ఇటూ తడిచెత్తే ఉంటుంది కనుక ఇది అనుకోని పరిణామమేమీ కాదు. అయినా అరలను సరిసమానంగా చేయించిన వాహనాలు కనిపిస్తాయి.

అపార్టుమెంట్ల తీరు వేరు. అక్కడ ఆటోకూ ఇంటికీ మధ్య వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది. ప్రతి అంతస్తూ ఎక్కి బుట్టలు దించేది చాలాచోట్ల వాచ్‌మన్ భార్య. అట్టపెట్టెలు, సీసాలు ఆమె మెట్ల కిందనే వేరుచేసి దాచుకుంటుంది, నెలకొకసారి అమ్ముతుంది. ఆటోకు చేరేసరికి పొడిచెత్తలోని సారం వెళ్లిపోయి ఉంటుంది. పథకం రూపకల్పనలో ఈమె ప్రస్తావన లేదు. అలాగే విజయవాడ వన్‌టౌన్ ఎగువన కొండవాలు ఇళ్లకు ఏ ఆటో ఎక్కదు. అక్కడ మెట్ల మీదుగా బుట్ట మోసి దించే మనిషి ఉంటేనే ఇంటింటి సేకరణ. లేకపోతే అది గట్టు కింది సేకరణే.

గ్రామాల విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. తెలంగాణలో 2019 సెప్టెంబరులో మొదలైన పల్లెప్రగతి కింద గ్రామపంచాయతీలకు ట్రాక్టర్లు, విభజన షెడ్లు సమకూరాయి. ఆంధ్రప్రదేశ్ గ్రామాలలో ‘చెత్త నుండి సంపద తయారీ కేంద్రాలు’ అనే పేరుతో షెడ్లు వెలిశాయి. ట్రాక్టరు ట్రక్కులో అన్నీ కలిసే వస్తాయి. వేరుచేయడం షెడ్డులో పంచాయతీ కార్మికుల వంతు. పెంటదిబ్బ పద్ధతిలో ఊరి తడిచెత్త అసలు వాహనమే ఎక్కేది కాదన్నది ఇక్కడ గుర్తుచేసుకోదగినది.

5. రోజుల విభజన

ఒకే వాహనంలో వేర్వేరు అరలకు బదులు వేర్వేరు రోజులు కేటాయించడం మరో మార్గం. కర్ణాటక హైకోర్టు 2015 డిసెంబరులో బెంగళూరులో తప్పనిసరి చేసిన ‘రెండు బుట్టలు, ఒక సంచి’ పద్ధతికి ఇదే ఆధారం. తడిచెత్తను రోజూ తీసుకుంటారు. పొడిచెత్త సంచిని వారంలో నిర్ణీత దినాలలో మాత్రమే తీసుకుని వార్డు స్థాయి పొడిచెత్త కేంద్రానికి పంపుతారు. దీని ప్రధాన గుణం కలపడానికి అవకాశమే లేకపోవడం. ఆ రోజున బండిలో ఉన్నది పొడిచెత్త ఒక్కటే. కుళ్లదు కనుక పొడిచెత్త నాలుగు రోజులు ఇంట్లో ఉన్నా నష్టం లేదు. ఈ చిన్న వివేకాన్ని ప్రతిరోజూ అన్నీ తీసుకుపోవాలనుకునే మన పట్టణ పథకాలు ఇంకా అంతగా అందుకోలేదు.

దోషాలు లేకపోలేదు. ఒంటిగది ఇంటిలో నాలుగు రోజుల సంచికి చోటు వెతకాలి. పాలప్యాకెట్టు కడగకుండా సంచిలో వేస్తే ఈగలు ముసురుతాయి. నిర్ణీత దినాన బండి రాకపోతే సంచి వీధిలోకి వెళుతుంది. ఇల్లు విశాలంగా ఉన్నవారికి అనుకూలించే పద్ధతి ఇరుకింటి వారికి భారం కావడం ఇక్కడ స్పష్టం.

పొడిచెత్తనంతా ఒకే సంచిలో, ఒకే నీలం బుట్టలో వేయడంలోనూ ఒక పరిమితి ఉంది. అమెరికాలోని తెలుగు కుటుంబాలకు పరిచితమైన పెద్ద రీసైక్లింగ్ డబ్బా ఇలాంటిదే. కాగితం, గాజు, డబ్బాలు అన్నీ అందులోనే. ఇంటివారికి సులభం కనుక సేకరణ పరిమాణం పెరుగుతుంది. కానీ పగిలిన గాజుపెంకులు కాగితంలో దిగబడతాయి, మిగిలిన సోడా కాగితాన్ని తడుపుతుంది. ఈ కల్తీని చాలాకాలం కప్పిపుచ్చినది చైనా కొనుగోలు. 2018లో చైనా కల్తీ పరిమితిని 0.5 శాతానికి కుదించి, వర్గీకరించని కాగితాన్ని నిరాకరించినప్పుడు అమెరికాలో అనేక పట్టణాల సేకరణ పథకాలు కుదేలయ్యాయి. దీనికి పూర్తి భిన్నమైన కొసను జపాన్‌లోని కమికట్సు అనే చిన్న ఊరు చూపుతుంది. అక్కడ నివాసులే తమ చెత్తను కేంద్రానికి తెచ్చి నలభైకి పైగా రకాలుగా వేరుచేస్తారు, ఎనభై శాతం వరకు రీసైక్లింగుకు వెళుతుంది. ఊరి జనాభా పదిహేను వందల లోపు అని జతచేయకుండా ఈ ఉదాహరణను మన సభలలో వినిపించడం ఒక అలవాటుగా మారింది.

6. గుమ్మం వద్ద బేరం

పైన చెప్పిన పద్ధతులన్నిటికన్నా పాతదీ, ఏ పథకంలోనూ లేనిదీ పాతసామాన్ల కొనుగోలు. తెలంగాణలో కబాడీ, కోస్తాలో పాత ఇనుపకొట్టు, తుక్కుకొట్టు అనే పేర్లతో వీధివీధినా ఉన్న ఈ వ్యాపారానికి ముందు అంచె ఇంటింటికీ తిరిగే మనిషి. పాత ఇనుముకు ఉల్లిపాయలు, పాతచీరలకు స్టీలుగిన్నెలు, తలవెంట్రుకలకు పిన్నులూ బెలూన్లూ, ఖాళీ సీసాలకు పీచుమిఠాయి. ఈ మారకపు పట్టిక తెలుగువారి బాల్యస్మృతులలో భాగం. కాలక్రమంలో నగదు వచ్చింది, సైకిలు స్థానంలో ఆటో, గొంతు స్థానంలో రికార్డు చేసిన మైకు వచ్చాయి. పని మాత్రం అదే.

రీసైక్లింగ్ దృష్టితో చూస్తే ఈ పద్ధతి అత్యంత సమర్థం. ఇక్కడ వేరుచేయమని ఎవరూ ఉపదేశించరు, ధరే ఉపదేశిస్తుంది. దినపత్రికకు ఒక ధర, నోటుపుస్తకానికి మరొకటి, అట్టకు ఇంకొకటి ఉన్నప్పుడు గృహిణి తానే వాటిని వేర్వేరుగా కట్టలు కడుతుంది. పాలప్యాకెట్లను కడిగి, ఆరబెట్టి, ఒకదానిలో ఒకటి దూర్చి దాచే అలవాటు మన మధ్యతరగతి ఇళ్లలో ఏ స్వచ్ఛతా ప్రచారం నుండీ రాలేదు. వ్యర్థం మురికి కాకముందే చేతులు మారుతుంది. పైగా వంటింటి పనికి మొదటిసారి ప్రతిఫలం దక్కుతుంది. చిన్నమొత్తమే అయినా అది ఇంటి ఖర్చుల లెక్కలోకి రాని, ఆమె చేతిలోనే మిగిలే డబ్బు.

దోషాలు మూడు దిక్కుల నుండి ఉన్నాయి. ధర లేనిది ఈ పద్ధతి తీసుకోదు. తాగి పారేసిన పగిలిన గాజుగ్లాసు, సాచెట్, థర్మాకోల్ ఏ కాటా ఎక్కవు. రెండవది ధరల ఒడిదుడుకులు. దిగుమతి కాగితం చౌకైతే వీధిలో తిరిగే మనిషి పాతకాగితం వద్దంటాడు. మూడవది విద్యుత్ పరికరాల విషయం. పాత సెల్‌ఫోనును, పాడైన చార్జరును తుక్కుకొట్టులో విప్పి, తీగలను కాల్చి రాగి తీయడం ఆరోగ్యానికి హానికరం. భద్రతా సమస్య కూడా ఉంది. 2024లో రామగుండం పోలీసులు పట్టుకున్న ఒక ముఠా చిన్నచిన్న వస్తువులు మారకంగా ఇచ్చి గ్రామాలలో వేల సంఖ్యలో పాతఫోన్లు సేకరించింది. అవి సైబర్ నేరాలకు ఉపయోగపడుతున్నాయని దర్యాప్తులో తేలింది. ఉల్లిపాయల బండి నిర్దోషిత్వం సెల్‌ఫోనుకు వర్తించదు.

డిపాజిట్టు పద్ధతి ఈ బేరానికే వ్యవస్థీకృత రూపం. కిరాణాకొట్టులో కూల్‌డ్రింకు సీసా తిరిగి ఇస్తేనే పైకం తిరిగివచ్చే రోజులు ఎంతో దూరం కావు. గోలీసోడా సీసా నేటికీ బండివాడిదే, తాగేవాడిది కాదు. జర్మనీ 2003 నుండి ఒకసారి వాడిపారేసే పానీయాల సీసాలు, డబ్బాలపై డిపాజిట్టు విధించింది. అది నేడు 25 సెంట్లు, సీసాలు దాదాపు అన్నీ తిరిగివస్తాయి. తమిళనాడు 2022లో నీలగిరి జిల్లాలో మద్యం సీసాపై పది రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెస్తే తిరిగి ఇచ్చే ఏర్పాటు ప్రారంభించింది. ఏనుగుల పాదాలకు గాజుపెంకులు గుచ్చుకుంటున్నాయన్న ఆందోళన దీని వెనుక ఉంది. ఒకే ఆకారపు వస్తువులకు ఈ పద్ధతికి మించినది లేదు. పప్పు ప్యాకెట్టుకూ షాంపూ సాచెట్‌కూ ఇది ఎలా వర్తిస్తుందన్నది ఇంకా తేలని విషయం.

7. పొడిచెత్త ఎవరిది?

ఇంటి నుండి బయటపడిన పొడిచెత్తపై హక్కు ఎవరిదన్న ప్రశ్నను నేరుగా ఎదుర్కొన్న నగరం పుణె. 1993లో ఏర్పడిన చెత్త ఏరేవారి కార్మికసంఘం కాగద్ కాచ్ పత్ర కష్టకరీ పంచాయత్. ఆ సంఘం కృషితో 2008లో ‘స్వచ్ఛ్’ అనే సహకార సంస్థ నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకుంది. అందులో సభ్యులు అంతకుముందు కుండీలలో ఏరుకున్నవారే, అధికశాతం దళిత స్త్రీలు. ఇప్పుడు వారు ఇంటి గుమ్మం వద్ద వేరుచేసిన చెత్త తీసుకుంటారు, ఇంటివారి నుండి రుసుము పొందుతారు, పొడిచెత్త అమ్మకపు ఆదాయం వారిదే. పని అదే, పదార్థం అదే. చోటు మాత్రం కుండీ నుండి గుమ్మానికి మారింది. దాంతోపాటు పదార్థపు శుభ్రత, వారి ఆరోగ్యం, సంఘంలో వారి పేరు మారాయి. దీనికీ బలహీనత ఉంది. నగరపాలకులు మారినప్పుడల్లా, పెద్ద వాహనాలతో గుత్తేదారు ముందుకు వచ్చినప్పుడల్లా ఒప్పందం కొనసాగింపు ప్రశ్నార్థకమవుతుంది.

తెలుగు రాష్ట్రాలలో ఈ ప్రశ్నకు జవాబు ఇంకా పరోక్షంగానే ఉంది. హైదరాబాదు స్వచ్ఛ ఆటో డ్రైవరుకు పొడిచెత్త ఆదాయం వాడుకగా దక్కుతోంది. అదే వీధిలో కుండీ మీద బతికిన గోనెసంచి స్త్రీకి కుండీ పోవడంతో జీవనాధారం పోయింది. ఒకరి హక్కు మరొకరి నష్టంగా మారింది. 2016 నిబంధనలు చెత్త ఏరేవారిని నిర్వచించి, స్థానికసంస్థలు వారిని గుర్తించి సేకరణ వ్యవస్థలో కలుపుకోవాలని చెప్పాయి. పారిశుద్ధ్యం వంశపారంపర్యంగా కొన్ని కులాలకు అంటగట్టిన ప్రాంతంలో, ఉత్తరాంధ్రలో రెల్లి కులస్థుల విషయంలో ఇది స్పష్టం, గుర్తింపు అంటే గుర్తింపుకార్డు ఒక్కటే సరిపోదు. గుమ్మం వద్ద శుభ్రమైన పొడిచెత్త అందుకునే హక్కు, దానిని అమ్ముకునే హక్కు ఆ గుర్తింపులో భాగం కావాలి.

రుసుము చర్చ కూడా దీనితోనే ముడిపడి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరు 2న ప్రారంభమైన ‘క్లీన్ ఆంధ్రప్రదేశ్’ కార్యక్రమం ఇళ్ల నుండి ప్రతినెలా వినియోగ రుసుము వసూలు చేసింది. అధికార పత్రాలలో అది రుసుము, జనవ్యవహారంలో ‘చెత్తపన్ను’. ఈ పేరుమార్పును ప్రతిపక్ష ప్రచారంగా మాత్రమే చూడటం సరికాదు. రుసుముకు బదులుగా ఒక సేవ చేతికి అందుతుంది, పన్నుకు అలాంటి నేరుసంబంధం కనిపించదు. హైదరాబాదులో రుసుము డబ్బులు ఎదురుగా నిలబడిన డ్రైవరు చేతిలో పడతాయి. అతడు రాకపోతే ఆగిపోతాయి. ఆంధ్రలో సొమ్ము పురపాలక ఖాతాకు వెళ్లింది, బండి వచ్చినా రాకున్నా బాకీ పెరిగింది. జనం దానికి సరైన పేరే పెట్టారు. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు చెత్తపన్ను రద్దును ప్రకటించారు. వసూలు ఆగింది గానీ సేకరణ ఖర్చు ఆగదు. దానిని పురపాలక సంఘం సాధారణ నిధుల నుండే భరించాలి.

2025లో అదే రాష్ట్ర గ్రామాలలో మొదలైన ‘స్వచ్ఛ రథం’ సొమ్ము దిశను తిప్పింది. బండి ఇంటివద్దకు వచ్చి పొడిచెత్తను తూచి, దాని విలువకు సరిపడా నిత్యావసర సరుకులు ఇస్తుంది. ఉల్లిపాయల బండి ప్రభుత్వ వాహనమై తిరిగివచ్చింది. ఇంటివారు చెల్లించేవారి స్థానం నుండి పొందేవారి స్థానానికి మారారు, వేరుచేయడానికి కారణం మళ్లీ ఇంట్లోనే దొరికింది. ఊళ్లో తిరిగే పాతసామాన్లవాడు ఈ రథానికి పోటీదారు అవుతాడా, దాని తొలి సరఫరాదారు అవుతాడా అన్నది రథం ఎవరి వద్ద కొంటుంది, ఏ ధరకు కొంటుంది, అతడు ముట్టుకోని సాచెట్‌ను కూడా కాటా ఎక్కనిస్తుందా లేదా అనే వాటి మీద ఆధారపడి ఉంది.